ఆరడుగుల ఫెన్స్ చాలకపోతే: వేరియెన్స్ మేలా, చెట్లు మేలా?

న్యూజెర్సీలో ఇల్లు కొన్న మనవాళ్ళు ఎండాకాలం వచ్చిందంటే నన్ను అడిగేది ఇదే. "పక్కింటి డెక్ మీద నిలబడితే మా బ్యాక్‌యార్డ్ అంతా కనిపిస్తోందండీ. టౌన్‌షిప్ వాళ్ళు ఆరడుగులు దాటనివ్వరట. ఎనిమిది అడుగులకు వేరియెన్స్ (రూల్ నుంచి సడలింపు) పెట్టమంటారా, చెట్లు వేసుకోమంటారా?"

దానికి నేను తిరిగి అడిగేదీ ఎప్పుడూ ఒకటే: ఇబ్బంది మీ స్థలంలోనే ఉందా, లేక మీకు ప్రైవసీ కావాలన్నదొక్కటేనా?

వేరియెన్స్ ఇచ్చే ఊరి జోనింగ్ బోర్డు దగ్గర గెలుపోటములు అక్కడే తేలిపోతాయి. 1975 నాటి మున్సిపల్ లాండ్ యూజ్ చట్టం ఇలాంటి వేరియెన్స్‌కు రెండు దారులు పెట్టింది. స్థలం మరీ ఇరుకుగానో, వంకరగానో, ఎత్తుపల్లాలుగానో ఉండి, రూల్ పాటిస్తే మీకు అసాధారణమైన ఇబ్బంది అవుతుందని చూపించాలి. లేదా రూల్ సడలిస్తే వచ్చే మేలు, జరిగే నష్టం కన్నా చాలా ఎక్కువని చూపించాలి. ఈ రెండో దారి సులువుగా కనిపిస్తుంది కానీ, యజమాని ఒక్కడికే మేలైతే చాలదని న్యూజెర్సీ సుప్రీంకోర్టు 1988లో కాఫ్‌మన్ కేసులో తేల్చి చెప్పింది. ప్రైవసీ వీధిలో అందరికీ కావాలి. ఆ ఒక్క మాట పట్టుకుని వెళ్తే బోర్డుకు మీ ఇంటికీ ఎదురింటికీ తేడా కనపడదు.

అదే మీ నేల పక్కింటి కన్నా నాలుగడుగులు పల్లంలో ఉందనుకోండి. మీ వైపు ఆరడుగుల ఫెన్స్ వేసినా, వాళ్ళ నేల మీద నుంచి చూస్తే అది రెండడుగులే. ఇది స్థలం తెచ్చిన ఇబ్బంది. సర్వే కాపీ మీద ఫెన్స్ గీత ఎర్రగా గీసి, రెండు ఇళ్ళ నేల మట్టాలు చూపించే బొమ్మ ఒకటి, మీ వంటింటి కిటికీలోంచి తీసిన ఫొటో ఒకటి జత చేయండి. ప్రమాణం చేయించి మాట్లాడమన్నప్పుడు ఆ బొమ్మ చూపిస్తూ చెబితే టెన్షన్ సగం తగ్గుతుంది.

ఈశాన్యం కార్నర్ అని ఇష్టపడి కొన్న ఇళ్ళదీ ఇదే కథ. చాలా ఊళ్ళలో రెండు రోడ్ల వైపూ ముందు భాగం కిందే లెక్క కాబట్టి, పెరటి పక్కన కూడా నాలుగడుగులకే ఆపమంటారు. అక్కడ ఆరడుగులు అడగడం న్యాయమైన కోరిక. మలుపు దగ్గర కార్లకు రోడ్డు కనిపించేలా ఫెన్స్‌ను కొంచెం లోపలికి జరుపుతామని మీరే ముందుగా చెప్పండి.

ఖర్చు మాటకొస్తే, దరఖాస్తు ఫీజుతో పాటు బోర్డు ఇంజనీరు, లాయరు పరిశీలనకు ఎస్క్రో డబ్బు (ముందస్తు డిపాజిట్) కట్టమంటారు. 200 అడుగుల లోపు ఆస్తులున్న వాళ్ళందరికీ హియరింగ్‌కు కనీసం 10 రోజుల ముందు సర్టిఫైడ్ మెయిల్‌లోనో చేతికో నోటీసు ఇవ్వాలి, బహిరంగ ప్రకటన కూడా వేయాలి. దరఖాస్తు పూర్తిగా ఉందని తేలాక నిర్ణయానికి బోర్డుకు 120 రోజుల గడువుంటుంది. ఆ నోటీసు కన్నా ముందే పక్కింటికి వెళ్ళి విషయం చెప్పిరండి. కవరు చూసి తెలుసుకున్న మనిషి హియరింగ్‌కు కోపంగా వస్తాడు.

స్థలం చదునుగా, నలుచదరంగా ఉందా? అయితే నా ఓటు చెట్లకే. ఆరడుగుల ఫెన్స్ వేసి, దాని వెనక ఆర్బర్‌వైటీ అనే గుబురు చెట్ల వరుస పెట్టండి. ఎక్కువ ఊళ్ళలో ఫెన్స్ ఎత్తు రూల్ చెట్లకు వర్తించదు, అయినా మీ టౌన్‌షిప్ కోడ్ ఒకసారి చూసుకోండి. గ్రీన్ జెయింట్ రకం వేళ్ళూనుకున్నాక ఏడాదికి రెండు మూడు అడుగులు పెరుగుతుంది, చలికాలంలోనూ పచ్చగానే ఉంటుంది, జింకలు పెద్దగా ముట్టవు. కానీ పెద్దయ్యాక పన్నెండడుగులు, అంతకన్నా ఎక్కువే పక్కలకు విస్తరిస్తుంది, చిన్న పెరట్లో మీకే చోటు మిగలదు. ఎమరాల్డ్ గ్రీన్ మూడు నాలుగు అడుగుల వెడల్పుతో సన్నగా నిలుస్తుంది గానీ, జింకలు తిరిగే చోట కింది కొమ్మలన్నీ మేసేస్తాయి. ఏది పెట్టినా మొదటి రెండు ఎండాకాలాలు నీళ్ళు తప్పకూడదు. చాలామంది చెట్లు పోగొట్టుకునేది అక్కడే.

ఫెన్స్ మీద జాలీ బిగించడం, మట్టి దిబ్బ పోసి దాని మీద ఫెన్స్ వేయడం లాంటి ఉపాయాల మీద ఆశ పెట్టుకోకండి. చాలా ఊళ్ళు వాటినీ ఎత్తులో కలిపేస్తాయి.

పల్లం స్థలానికీ కార్నర్‌కూ మాత్రం నేను వేరియెన్సే పెట్టమంటాను. వచ్చిన అనుమతి మనిషిది కాదు, స్థలానిది. రేపు మీరు ఇల్లు అమ్మినా అది కొన్నవాళ్ళకు ఉంటుంది. హెచ్‌ఓఏ (ఇళ్ళ యజమానుల సంఘం) ఉంటే వాళ్ళ ఆమోదం వేరే తీసుకోవాలి, బోర్డు ఇచ్చింది వాళ్ళకు చెల్లదు.

ఫెన్స్ గుంతైనా చెట్టు గుంతైనా, తవ్వే ముందు కనీసం మూడు పనిదినాలు ఉండగా 811కి ఫోన్ చేయండి. గ్యాసు, కరెంటు లైన్లు ఎక్కడున్నాయో ఉచితంగా గుర్తులు పెట్టి వెళ్తారు.