పులికాట్ ఒడ్డున జిలేబి చేపలు

గాలం వేసుకోవడానికి పులికాట్ సరస్సు, పడుకోవడానికి కాటేజీ, బండి నిలుపుకోవడానికి క్యారవాన్ స్థలం. ఈ మూడూ ఒకేచోట ఉన్నాయని ఫోన్‌లో చూసి మా బావ ఎగిరి గంతేశాడు. పాత టెంపో ట్రావెలర్ కొని, దాంట్లో మంచాలు, చిన్న వంటగది, ఏసీ పెట్టించి ఆరు నెలలైంది. కాణిపాకం దాటి పోయింది లేదు. సంక్రాంతి అయ్యాక వచ్చిన శనివారం తిరుపతి నుంచి బయల్దేరాం. బండిలో బావ, అక్క. వెనక కారులో నేను, మా ఆవిడ, మా నాయన, పదేళ్ల మావాడు.

శ్రీకాళహస్తి, నాయుడుపేట మీదుగా రోడ్డు బాగుంది. దారిలో నేలపట్టు పక్షుల కేంద్రంలో గూడబాతుల్ని చూశాం. 2022లో జిల్లాలు విడగొట్టాక సూళ్లూరుపేట, తడ అన్నీ మన తిరుపతి జిల్లాలోవే.

రిసార్టు పేరు రాయను. కాటేజీ 4,500, క్యారవాన్ స్థలం 1,500, పైన వెయ్యి డిపాజిట్. కాటేజీ శుభ్రంగానే ఉంది. క్యారవాన్‌కి ‘కరెంటు, నీళ్లు, డ్రైనేజీ’ అని రాశారు కదా, అక్కడున్నది కొబ్బరిచెట్టుకు కట్టిన చెక్కపలక, దాని మీద ఐదు ఆంప్స్ సాకెట్ ఒకటి. ఏసీ ప్లగ్ కాళ్లు అందులో ఎక్కడ పడతాయి? పనిపిల్లాడు పరిగెత్తి ఏదో అడాప్టర్ తెచ్చి తగిలించాడు. పది నిమిషాలకు కాలిన వాసన, ఆ వెంటనే మా వరస కాటేజీలన్నీ చీకటి. డ్రైనేజీ సంగతి అడిగితే “ఆ ముళ్లపొదల్లోకి పైపు వదిలేయండి సార్” అన్నాడు. అక్క ఒక్క మాట మాట్లాడకుండా దిండు చంకలో పెట్టుకుని మా కాటేజీకి వచ్చేసింది. బావ పంతానికి దోమల్లోనే పడుకున్నాడు.

అసలు మోసం ఇది కాదు, గాలం. గంటకు 300 చొప్పున రెండు గాలాలు, ఎర పేరుతో మైదాముద్దకు 100. సరస్సు వైపు వెళ్తుంటే పిల్లాడు ఆపి, వెనకవైపు గుంట చూపించాడు. నలుచదరంగా కట్టలు, ఒక మూల నీళ్లలో గాలి కలిపే ఏరేటర్ చక్రం, తుప్పుపట్టింది. నాయన చిన్నప్పటి నుంచీ ఊరి చెరువులో వానపాములతో గాలం వేసిన మనిషి. ఆ చక్రం చూశాడు, నన్ను చూశాడు. “ఇది రొయ్యల గుంట కదరా” అన్నాడు. రొయ్యల సాగు గిట్టుబాటు కాక మానేసినట్టున్నారు, అందులో జిలేబి చేపలు, అదే తిలాపియా, వదిలారు. గాలం వేసిన నిమిషానికే బెండు మునుగుతోంది, ఆకలి మీదున్నాయి పాపం. మావాడికి పండగే. నాయన మాత్రం రెండు పట్టి గాలం పక్కన పెట్టేశాడు. “తొట్లో చెయ్యి పెట్టి తీసినట్టుంది” అన్నాడు. పట్టినవి నీళ్లలోకి వదలకూడదట, కొనాల్సిందేనట! కిలో 350 లెక్కన కిలోంపావు దాకా తూగితే 420, వేయించినందుకు 200. అద్దెలు, రెండు గంటల గాలాలు, ఎర కలిపి, డిపాజిట్ కాక మొత్తం 7,920. ఆ వేపుడులో బురదవాసన తప్ప ఇంకేమీ తెలియలేదు.

తెల్లవారుజామున నాయన నన్ను లేపి అసలు సరస్సు దగ్గరికి నడిపించాడు. పులికాట్ చాలాచోట్ల నడుములోతే. ఒకాయన గెడతో పడవ నెట్టుకుంటూ ఒడ్డుకు వచ్చాడు. రాయదొరువు దగ్గర సరస్సు సముద్రంలో కలిసే ముఖద్వారం ఇసుకతో పూడిపోతే సముద్రం నీళ్లు, వాటితో వచ్చే చేపపిల్లలు లోపలికి రావని, వల బరువు తగ్గిపోతుందని నాయనకు చెబుతూ వల దులిపాడు. అర కిలో రొయ్యలు 150కి ఇచ్చాడు. దూరంగా రాజహంసలు గుంపుగా నిలబడున్నాయి, ఫోటోలో గులాబి చుక్కల్లా పడ్డాయి.

ఆ రొయ్యలు పట్టుకుని, రోడ్డు పక్కన రేకుల షెడ్డులో మెస్సు నడిపే ఆమె దగ్గరికి పోయాం. వండినందుకు 100 తీసుకుంది. భోజనం 90, అందులోకి రాత్రి పెట్టిన చేపల పులుసు. మామిడికాయ కాలం కాదు కాబట్టి వట్టి చింతపండు పులుసే. రాత్రంతా మట్టిదాకలో ఊరిన ముక్కకు పులుపు లోపలిదాకా పట్టింది, నూనె అంచున ఎర్రగా తేలుతోంది. మా ఆవిడ బయట చేపలు తినదు, అలాంటిది రెండోసారి అన్నం పెట్టించుకుంది. “ఇంకొంచెం కలుపుకో నాయనా” అంటూ ఆమె మా నాయనకే పులుసు పోసింది. ఆయన ముఖం విప్పారింది ఆ పూటే. బావ కూడా దోమకాట్లు గోక్కోవడం ఆపాడు.

పులికాట్ చూడాలంటే జనవరిలో వెళ్లండి, సూళ్లూరుపేటలో వెయ్యి, పన్నెండొందల లాడ్జి చాలు. క్యారవాన్ ఉన్నవాళ్లు బుక్ చేసే ముందు సాకెట్ ఫోటో పంపమనండి, పదహారు ఆంప్స్ కాకపోతే డబ్బు కట్టకండి. గాలం అంటే ఏ నీళ్లలోనో అడగండి.

డిపాజిట్ వెయ్యి సోమవారం వేస్తామన్నారు. ఇది మూడో సోమవారం.