గింజ నాణ్యతకు ఏది మేలు: వామ్ ప్యాకెట్టా, బలపరిచిన కంపోస్టా?

చేతిలో ఉన్న డబ్బు ఒక్కదానికే సరిపోతుందనుకుందాం. వామ్ (వేళ్లతో పొత్తు పెట్టుకుని బతికే మైకోరైజా అనే మేలుచేసే శిలీంధ్రం) కొనాలా, లేక పశువుల ఎరువును బాగా మాగబెట్టి పొలానికి తోలాలా? మెట్టలో జొన్న, మొక్కజొన్న అయితే భూసార పరీక్ష చీటీ చూడాలి. దమ్ము చేసిన వరి మడి అయితే చూడక్కర్లేదు, కంపోస్టే.

నాణ్యత అంటే తాలు తగ్గడం, గింజ బరువు పెరగడం, మాంసకృత్తులు, జింకు. మార్కెట్ యార్డులో మొదటి రెండింటికే ధర పలుకుతుంది. మిగతా రెండూ తినేవాళ్లకు లాభం.

భాస్వరం, జింకు నేలలో పెద్దగా కదలవు. వేరు చుట్టూ కొద్ది మిల్లీమీటర్ల మేర ఉన్నవి అయిపోతే, అవతల ఎంత ఉన్నా మొక్కకు అందవు. వామ్ శిలీంధ్రం వేరులోపల కాపురముండి, సన్నటి పోగులను కొన్ని సెంటీమీటర్ల దూరం పంపి వాటిని తెచ్చిపెడుతుంది. బదులుగా మొక్క దగ్గర చక్కెర తీసుకుంటుంది. బతికున్న వేరు లేకపోతే ఇది పెరగదు. అందుకే చాలా ప్యాకెట్లలో మట్టి, వేరుముక్కలు కనిపిస్తాయి. అది మోసం కాదు, దాని తయారీయే అంత.

అయితే వామ్‌కు అలక ఎక్కువ. నీరు నిలిస్తే సరిగా పెరగదు. భాస్వరం ఉండే డీఏపీ ఎరువు దండిగా పడిన నేలలో మొక్కే దాన్ని పట్టించుకోదు, భాస్వరం ఊరికే దొరుకుతుంటే చక్కెర ఎందుకిస్తుంది? ఆవాలు, క్యాబేజీ వేసిన పొలంలోనూ దీని సంఖ్య తగ్గుతుంది, ఆ జాతి వేళ్లతో దానికి పొత్తు కుదరదు.

కంపోస్టుకు ఈ పేచీలు తక్కువ. దాన్ని బలపరచడానికి మన దగ్గర చాలామంది చేసే పద్ధతి తెలిసిందే: 90 కిలోల పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా పొడి కలిపి, తడి ఆరకుండా నీడలో గోనెసంచులు కప్పి వారం పది రోజులు ఉంచడం. ట్రైకోడెర్మా కూడా మంచి శిలీంధ్రమే కానీ వామ్ చేసే పని చేయదు. కుళ్లే పదార్థం మీద బతుకుతూ వేరుకుళ్లు తెగుళ్లను అణచడం దాని ప్రధానమైన పని. దుకాణంలో ఒకటి అడిగితే ఇంకొకటి అంటగడతారు, జాగ్రత్త.

బాగా మాగిన ఎరువు నత్రజనిని నెమ్మదిగా, గింజ నిండే దాకా వదులుతుంది. మాంసకృత్తులకు అది కావాలి. పచ్చి ఎరువు తోలితే మాత్రం కుళ్లే క్రమంలో నేలలోని నత్రజనిని సూక్ష్మజీవులే వాడేసుకుని పైరు పసుపెక్కుతుంది.

రాక్ ఫాస్ఫేట్ (భాస్వరమున్న రాతిపొడి) కలిపిన కంపోస్టు గురించి విడిగా చెప్పాలి. భాస్వరం తక్కువున్న నేలకు అది మంచిదే. ఇప్పటికే ఎక్కువున్న నేలలో వేస్తే గింజలో ఫైటేట్ అనే పదార్థం పెరిగే అవకాశం ఉంది. ఫైటేట్ జింకును, ఇనుమును పట్టి ఉంచుతుంది కాబట్టి అవి గింజలో ఉన్నా ఒంటికి సరిగా పట్టవు.

జింకే లక్ష్యమైతే ఈ రెండింటి మీదా పూర్తిగా ఆధారపడను. లోపమున్న వరి నేలలో మూడు పంటలకోసారి ఆఖరి దుక్కిలో ఎకరాకు 20 కిలోల జింకు సల్ఫేట్ వేయాలి. భాస్వరం ఎరువుతో మాత్రం కలపకూడదు. పాలు పోసుకునే దశలో ఆకుల మీద పిచికారీ చేస్తే గింజలోకి నేరుగా ఎక్కుతుంది. విత్తనం మార్చే ఓపిక ఉంటే, హైదరాబాద్‌లోని భారతీయ వరి పరిశోధన సంస్థ నుంచి వచ్చిన డీఆర్ఆర్ ధాన్ 45 లాంటి, గింజలో జింకు ఎక్కువుండే వరి రకాలున్నాయి.

మొత్తానికి నా లెక్క ఇది. భాస్వరం తక్కువున్న ఎర్ర చల్కాలో వర్షాధార జొన్న, మొక్కజొన్న వేసేవాళ్లకు వామ్ డబ్బు దండగ కాదు. అయితే విత్తనం కిందనే పడాలి, పైన చల్లితే వేరుకు తగలదు. ఆ ఏడాది డీఏపీ కూడా తగ్గించుకోవాలి. మాగిన ఎరువు కొంచెమైనా తోడుంటే ఇంకా నయం. మిగతా నేలలన్నిటికీ ముందు కంపోస్టు, డబ్బు మిగిలితే వామ్. కొనేటప్పుడు తయారీ తేదీ, గడువు చూడండి, ఎండలో పెట్టిన ప్యాకెట్‌ను వెనక్కి ఇచ్చేయండి.