గన్ కింద చెయ్యి వెయ్యాల్సిందే: ఎలక్ట్రిక్ కారులో వైజాగ్, అరకు

రాజమండ్రి నుంచి నూరు శాతం ఛార్జింగుతో బయల్దేరాం. మాది 40 యూనిట్ల బ్యాటరీ. దారిలో అన్నవరంలో ఆగి, విస్తరాకు పొట్లంలోని ప్రసాదం కారులోనే ఖాళీ చేశాం. వైజాగ్ పొలిమేరకు వచ్చేసరికి 22 శాతం మిగిలింది.

అక్కడో ఫాస్ట్ ఛార్జింగ్ స్టేషన్. ఛార్జర్ కేబుల్ చివరుండే పెద్ద ప్లగ్గును గన్ అంటారు. దాన్ని కారుకు పెట్టాను. తెర మీద "వాహనంతో అనుసంధానం విఫలం" అని వచ్చింది. మూడుసార్లు పెట్టినా అదే మాట.

"ఫోన్‌కి పెట్టినట్టే కదా బావా, ఇంత గోలేంటి?" అన్నాడు మా బావమరిది.

ఫోన్ లాంటిది కాదు. ఇంట్లో ఛార్జింగ్ పెడితే ఏసీ కరెంటును కారులోని ఛార్జరే డీసీగా మార్చుకుంటుంది. స్టేషన్‌లోని ఫాస్ట్ ఛార్జర్ కారులోని ఛార్జర్‌ని పక్కనపెట్టి నేరుగా బ్యాటరీకే డీసీ పంపుతుంది. అందుకే ముందు కారూ, ఆ ఛార్జరూ మాట్లాడుకోవాలి. మన కార్లకు వాడే సీసీఎస్2 రకం గన్‌లో కింద రెండు లావు పిన్నులు కరెంటుకి. మాటలన్నీ పైభాగంలోని ఒక సన్నటి పిన్ను మీదే. దాని మీద 12 వోల్టులుంటుంది. కారు తగలగానే 9కి పడుతుంది. ఓహో, బండి వచ్చిందని ఛార్జర్‌కి తెలిసేది అలాగే. తర్వాత అదే తీగ మీద డేటా నడుస్తుంది. నా బ్యాటరీ ఇన్ని వోల్టులు, ఇంతకు మించి ఆంపియర్లు వద్దు అని కారు చెబుతుంది. గన్ లాక్ అవుతుంది, ఎక్కడైనా కరెంటు లీకవుతోందా అని ఛార్జర్ పరీక్షిస్తుంది, తన వోల్టేజీని బ్యాటరీతో సమానం చేస్తుంది. అప్పుడు కారులో 'టక్'మని రిలే, అంటే కరెంటును కలిపే స్విచ్, పడుతుంది. అక్కణ్నుంచి అడిగేది కారు, ఇచ్చేది ఛార్జర్. 80 శాతం దాటాక నెమ్మదిస్తే మెషీన్‌ని తిట్టుకుంటాం గానీ, తగ్గించి అడుగుతున్నది మన కారే.

మాకు ఆ మొదటి పలకరింపే కుదరలేదు. పక్కన టీ తాగుతున్న స్టేషన్ కుర్రాడు లేచొచ్చి, "కేబుల్ బరువుకి గన్ వాలిపోతుంది సార్. కింద చెయ్యేసి కాస్త పైకెత్తి పట్టుకోండి" అన్నాడు. ఎత్తాను. పది సెకన్లు. టక్. 80 శాతానికి యాభై నిమిషాలు పట్టింది. ఆగిపోయిన మూడు ప్రయత్నాలకు ఛార్జింగ్ యాప్ పట్టేసుకున్న డబ్బు మాత్రం మూడో రోజుకి గానీ వెనక్కి రాలేదు.

మొదటి రాత్రి బీచ్ రోడ్డులో హోటల్. కిటికీ తీస్తే సముద్రమే, కానీ సెల్లార్‌లో ప్లగ్గు లేదు. రెండో రాత్రికి రుషికొండ దగ్గర చిన్న లాడ్జికి మారిపోయాం. గది అంతంతమాత్రం, దుప్పట్లు పర్వాలేదు. కానీ యజమాని 15 ఆంపియర్ సాకెట్ చూపించి, సబ్‌మీటర్ రీడింగ్ రాసుకుని, యూనిట్‌కి 12 రూపాయలన్నారు. పొద్దున్నకి 97 శాతం! ఈసారి వెళ్లినా నా ఓటు దానికే.

ఊళ్లో చూసినవాటిలో కురుసుర జలాంతర్గామి పిల్లలకు తెగ నచ్చింది. 2001లో నౌకాదళం నుంచి తప్పించి, మరుసటి ఏడాది మ్యూజియంగా చేశారు. లోపల ఒంగి నడవాలి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఆలోచించుకోండి. కైలాసగిరి సాయంత్రమైతేనే బాగుంటుంది.

అరకు దగ్గరదగ్గర 115 కిలోమీటర్లు. శృంగవరపుకోట దాటాక ఘాట్ బ్యాటరీని తాగేసింది, చేరేసరికి 42 శాతం. రెండు మూడు గంటలు ఛార్జింగ్ పెట్టుకుని తిరుగుదామని ఫోన్‌లో అడిగితే సాకెట్ ఉందన్న లాడ్జికి వెళ్లాం. సాకెట్ ఉంది, ఎర్తింగ్ లేదు. కేబుల్ మధ్యనున్న పెట్టెలో ఎర్రలైటు వెలిగింది, కారు ఒక్క యూనిట్ తీసుకోలేదు. ఎర్తింగ్ ఉందా అని విడిగా అడగాలని అప్పుడు తెలిసింది. బొంగు చికెన్ తిన్నంతసేపూ నా కళ్లు ఆ శాతం మీదే.

దిగేటప్పుడు మాత్రం ఘాట్ మంచిది. బ్రేక్ వేసినప్పుడల్లా మోటారు కరెంటు పుట్టించి వెనక్కి పంపింది. అనంతగిరి నుంచి కిందికొచ్చేసరికి రెండు శాతం పెరిగింది. అయినా టెన్షన్‌తో ఏసీ ఆపేసి, చెమటలు కక్కుతూ 11 శాతంతో పాత స్టేషన్‌కే చేరాం.

నేను యాప్ తెరిచేలోపే మా బావమరిది గన్ పెట్టి, కింద అరచెయ్యి వేసి నిలబడ్డాడు.

"పట్టుకున్నా బావా, నొక్కు."

టక్.