మైనర్ బీబాప్ స్కేలు నుంచి జాజ్ గిటార్ కార్డులు: ఒక వీడియో కోర్సుపై సమీక్ష

మైనర్ బీబాప్ స్కేలు (జాజ్‌లోని బీబాప్ శైలికి చెందిన ఎనిమిది స్వరాల వరుస) ఆధారంగా గిటార్ కార్డులను, అంటే ఒకేసారి మోగించే స్వరాల కలయికలను, నిర్మించడం నేర్పే ఒక వీడియో కోర్సును ఇటీవల చివరిదాకా సాధన చేశాను. జాజ్ గిటార్ పాఠాలు చాలావరకు కార్డుల ఆకారాలను చూపించి, వాటిని కంఠస్థం చేయమని చెప్పి ఊరుకుంటాయి. ఈ కోర్సు మాత్రం ఆ ఆకారాలు పుట్టిన స్కేలును ముందుగా చెవికి ఎక్కించి, ఆ తర్వాతే చేతిని ఫ్రెట్‌బోర్డు (ఫ్రెట్లనే అడ్డపట్టీలున్న గిటార్ మెడ) మీద కదలనిస్తుంది. దీని బలమంతా ఆ క్రమంలోనే ఉందని నా అభిప్రాయం.

మెలోడిక్ మైనర్ స్కేలులో ఐదవ, ఆరవ స్వరాల నడుమ మరొక స్వరాన్ని చేర్చితే ఎనిమిది స్వరాల బీబాప్ రూపం వస్తుంది: సి, డి, ఇ ఫ్లాట్, ఎఫ్, జి, ఎ ఫ్లాట్, ఎ, బి (ఫ్లాట్ అంటే అర స్వరం తగ్గించినది). కర్ణాటక సంగీతం తెలిసినవారు దీన్ని గౌరీమనోహరి స్వరాలకు శుద్ధ ధైవతం కూడా తోడైనట్టుగా ఊహించుకోవచ్చు. ఈ ఎనిమిదింటిలో ఒకటి విడిచి ఒకటి తీసుకుంటే సి, ఇ ఫ్లాట్, జి, ఎ కలిసి సి మైనర్ సిక్స్త్ కార్డు అవుతాయి. మిగిలిన బి, డి, ఎఫ్, ఎ ఫ్లాట్ కలిసి బి డిమినిష్డ్ సెవెంత్ అవుతాయి. ఈ రెండవది మూలస్వరం (కార్డుకు పేరునిచ్చే స్వరం) లేని జి సెవెన్ ఫ్లాట్ నైన్ కార్డే కాబట్టి, స్థిరపడే కార్డూ, దాని వైపు లాగే కార్డూ ఒకే స్కేలులో ఇమిడి ఉన్నాయన్నమాట. ఈ ఆలోచనను దశాబ్దాల పాటు విద్యార్థులకు బోధించినవారు డెట్రాయిట్‌లో పుట్టిన పియానో విద్వాంసుడు బ్యారీ హ్యారిస్ (1929–2021). ఆ ఋణాన్ని బోధకుడు తొలి పాఠంలోనే స్పష్టంగా చెప్పడం నాకు ఎంతో నచ్చింది.

పియానో మీద సులభంగా అందే నాలుగు స్వరాల దగ్గరి అమరిక గిటార్ మీద వేళ్లను విపరీతంగా సాగదీస్తుంది. అందుకని పైనుంచి రెండవ స్వరాన్ని ఒక స్థాయి కిందికి దించే డ్రాప్ టూ అమరికను కోర్సు ఎంచుకుంది. పై స్థాయిలో మోగే నాలుగు తీగల మీద, నాలుగవ తీగ నుంచి మొదటి తీగ వరకు వరుసగా 5, 5, 4, 5 ఫ్రెట్లు పట్టుకుంటే సి మైనర్ సిక్స్త్ వస్తుంది. ప్రతి స్వరాన్నీ స్కేలులో ఒక్కొక్క మెట్టు పైకి జరిపితే 6, 7, 6, 7 వద్ద డిమినిష్డ్, మరో మెట్టు జరిపితే 7, 8, 8, 8 వద్ద మళ్లీ మైనర్ సిక్స్త్, తర్వాత 9, 10, 9, 10 వద్ద మళ్లీ డిమినిష్డ్ వస్తాయి. ఈ వరుసను నెమ్మదిగా పైకీ కిందికీ వాయిస్తూ పోతే, నాలుగు స్వరాలూ నాలుగు గొంతుకల్లా తమ తమ దారిలో నడుస్తున్నాయని చెవికే తెలుస్తుంది. ఈ పాఠానికి ఎంత సమయం ఇచ్చినా ఎక్కువ కాదు.

కోర్సులో నాకు అత్యంత విలువైనదిగా తోచిన భాగం దీని తర్వాత వస్తుంది. అదే సి మైనర్ సిక్స్త్, కింది స్థాయి స్వరాలు పలికే బేస్ వాద్యం ఎ వాయిస్తే ఎ మైనర్ సెవెన్ ఫ్లాట్ ఫైవ్‌గా, ఎఫ్ వాయిస్తే ఎఫ్ నైన్‌గా, బి వాయిస్తే ఆల్టర్డ్ (కొన్ని స్వరాలను అర స్వరం జరిపిన) బి సెవెన్‌గా వినిపిస్తుంది. ఈ సూత్రాన్ని సి మైనర్‌లోని టూ–ఫైవ్–వన్‌కు (స్కేలులోని రెండవ, ఐదవ, మొదటి స్వరాల మీద కట్టిన కార్డుల వరుసకు) అన్వయిస్తే, డి మైనర్ సెవెన్ ఫ్లాట్ ఫైవ్ బదులు ఎఫ్ మైనర్ సిక్స్త్, ఆల్టర్డ్ జి సెవెన్ బదులు ఎ ఫ్లాట్ మైనర్ సిక్స్త్, చివరికి సి మైనర్ సిక్స్త్ వాయించవచ్చు. మూడు వేర్వేరు పేర్లున్న కార్డులకు ఒకే ఆకారాల కుటుంబం సరిపోతుందని తెలిసిన తర్వాత ఫ్రెట్‌బోర్డు ఒక్కసారిగా చిన్నదైపోతుంది. ఈ కార్డుల్లో మూలస్వరం తరచుగా ఉండదు కనుక, బేస్ తోడు లేకుండా సాధన చేసేవారు ఆ స్వరాన్ని గొంతుతో పలుకుతూ వాయించాలన్న సూచన కూడా చాలా మంచిది.

లోపాలూ ఉన్నాయి. ఒక కార్డులోకి పక్క కార్డు స్వరాన్ని అరువు తెచ్చుకోవడం ఈ పద్ధతికి ప్రాణం వంటిది. పైన చెప్పిన తొలి అమరికలో మొదటి తీగను ఐదవ ఫ్రెట్‌కు బదులు ఏడవ ఫ్రెట్ వద్ద మీటి, మైనర్ మేజర్ సెవెంత్‌ను వినిపించి, తిరిగి ఐదుకు దిగడం దీనికి సరళమైన ఉదాహరణ. అటువంటి విషయాన్ని కోర్సు ఒక్క చిన్న పాఠంలో ముగించేయడం నాకు అన్యాయంగా అనిపించింది. పాఠాలతో ఇచ్చిన ట్యాబ్ కాగితాల్లో ఫ్రెట్ సంఖ్యలే తప్ప స్వరాల పేర్లు లేవు. స్కేలు నుంచి కార్డును పుట్టించడమే లక్ష్యమైన చోట ఈ లోటు చిన్నది కాదు. పైనుంచి మూడవ స్వరాన్ని దించే డ్రాప్ త్రీ అమరికలు పేరుకు మాత్రమే ఉన్నాయి. లయ గురించిన బోధన కూడా పలచనే. స్వింగ్ తాళంలో ఈ కార్డులను ఎక్కడ కత్తిరించాలో, ఎక్కడ మోగనివ్వాలో విడిగా నేర్చుకోక తప్పదు.

సెవెంత్ కార్డులూ వాటి ఇన్వర్షన్లూ (అవే స్వరాల క్రమం మార్చిన రూపాలూ) ఇప్పటికే చేతికి వచ్చి, ఒక కార్డు నుంచి మరొకదానికి దూకడం తప్ప నడవడం రాలేదని బాధపడుతున్నవారికి ఈ కోర్సును నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. పై నాలుగు తీగల మీద స్వరాల పేర్లను ఇంకా వెతుక్కునే దశలో ఉన్నవారు ముందు ఆ పని పూర్తి చేసుకొని వస్తే, రెండవ పాఠం నుంచే దీని ప్రయోజనం అందుతుంది.