టైరస్ వాంగ్, మేరీ బ్లేర్: ముందు ఎవరి బొమ్మలు చూడాలి?

ఇద్దరూ 1940ల నాటి డిస్నీ స్టూడియో చిత్రకారులే. దారులు మాత్రం వేరు.

వాంగ్ చైనాలో పుట్టి చిన్నప్పుడే అమెరికా చేరారు. 1938లో స్టూడియోలో దొరికిన పని ఇన్‌బిట్వీనర్‌ది: రెండు ముఖ్య భంగిమల మధ్య వచ్చే బొమ్మల్ని వరుసగా గీస్తూ పోవడం. కళ్లు లాగేసే చాకిరీ. అప్పట్లో జింకపిల్ల కథ 'బాంబి' సినిమా కోసం వేసిన అడవుల్లో ప్రతి ఆకూ కనిపించేది, జింకపిల్ల అందులో కలిసిపోయేది. వాంగ్ పాత చైనా చిత్రకళ పద్ధతిలో చెట్ల అంచుల్ని మంచులో కరిగించి, జింక నిలబడే చోట వెలుగు వదిలారు. 1942 నాటి ఆ సినిమాకు అదే ధోరణి నిలిచింది. తెర మీద ఆయన పేరు నేపథ్య చిత్రకారుల్లో ఒకరిగానే పడింది. 1941లో డిస్నీ ఉద్యోగులు చేసిన సమ్మె తర్వాత ఉద్యోగమూ పోయింది. ఇది నాకు ఇప్పటికీ మింగుడుపడదు. తర్వాత 1968 దాకా వార్నర్ బ్రదర్స్‌లో పనిచేశారు.

బ్లేర్ 1940లో చేరారు. మరుసటి ఏడు దక్షిణ అమెరికా ప్రయాణంతో ఆవిడ రంగులకు తెగువ వచ్చింది. 'సిండరెల్లా', 'పీటర్ పాన్'లకు రంగుల ఊహ ఆవిడదే. కానీ ఆ చదునైన ఆకారాలు తెరకెక్కేసరికి మెత్తబడ్డాయి. 1964 న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనకు చేసిన పడవ షికారు 'ఇట్స్ ఎ స్మాల్ వరల్డ్'లో ఆవిడ చేయి సూటిగా కనిపిస్తుంది.

రంగుల జతల కోసమైతే బ్లేర్. నేపథ్యాలు వేయడం నేర్చుకునేవాళ్లకు మాత్రం నేను ముందు వాంగ్‌నే చూపిస్తాను. కొత్తవాళ్లు అవసరానికి మించి గీస్తారు కదా. సినిమా కంటే ముందు ఆయన వేసిన చిన్న చిన్న చిత్తు బొమ్మలు చూడండి.