నాలుగు ఆటల ఊళ్ళలో ఏది మేలు: ఫిలడెల్ఫియానా, షికాగోనా?

అమెరికాకు చదువుకో ఉద్యోగానికో వచ్చి, ఒకటి రెండేళ్ళలో ఇక్కడి ఆటల రుచి మరిగినవాళ్ళు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: నాలుగు పెద్ద లీగుల జట్లూ ఉన్న ఊళ్ళలో దేనికి మారితే మేలు? నేను ఏడేళ్ళు ఫిలడెల్ఫియాలో ఉండి, రెండేళ్ళ కిందట షికాగోకు మారినవాణ్ణి కాబట్టి, చివరికి ఈ రెంటిలో ఏదో ఒకటి తేల్చి చెప్పమంటారు. ఒక్కొక్కరికీ ఫోనులో చెప్పేకంటే ఒకచోట రాసిపెట్టడం నయమనిపించింది.

అమెరికన్ ఫుట్‌బాల్, బేస్‌బాల్, బాస్కెట్‌బాల్, ఐస్ హాకీ నాలుగింటికీ జట్లున్న మహానగర ప్రాంతాలు 12. హాకీ జట్టు 2024లో సాల్ట్ లేక్ సిటీకి తరలిపోవడంతో ఫీనిక్స్ ఈ వరసలోంచి జారిపోయింది. అయితే జాబితాలో ఊరి పేరు ఉండటం వేరు, ఆట ఆ ఊళ్ళో జరగడం వేరు. న్యూయార్క్ పేరు పెట్టుకున్న ఫుట్‌బాల్ జట్లు జెయింట్స్, జెట్స్ రెండూ ఆడేది న్యూజెర్సీలో. శాన్‌ఫ్రాన్సిస్కో ఫోర్టీనైనర్స్ మైదానం శాంటా క్లారాలో ఉంది. బోస్టన్ వాళ్ళు తమదనుకునే పేట్రియట్స్ జట్టు ఆట చూడాలంటే ఊరు దాటి సుమారు 30 మైళ్ళు పోయి ఫాక్స్‌బరోలో దిగాలి.

ఇది విన్నవాళ్ళు ‘అయితే ఫుట్‌బాల్ స్టేడియం ఊళ్ళోనే ఉన్న చోటు చెప్పండి’ అంటారు. నా దృష్టిలో అది చివర అడగవలసిన ప్రశ్న. ఒక్కసారి వేళ్ళమీద లెక్కపెట్టి చూడండి. ఫుట్‌బాల్ జట్టు సీజన్ మొత్తంలో ఆడేవి 17 ఆటలు, అందులో సొంత మైదానంలో జరిగేవి ఎనిమిదో తొమ్మిదో. బాస్కెట్‌బాల్‌లో సొంత ఊరి ఆటలు 41, హాకీలోనూ ఇంచుమించు అంతే. బేస్‌బాల్ జట్టు మాత్రం 162 ఆటలు ఆడి, అందులో 81 తన ఊళ్ళోనే ఆడుతుంది. అంటే నాలుగు జట్లున్న ఊళ్ళో ఏడాదికి సుమారు 170 పూటలు ఆట ఉంటే, దాదాపు సగం బేస్‌బాల్‌దే. పైగా టికెట్టు ధరలోనూ ఫుట్‌బాల్‌కు, వారం మధ్యలో జరిగే బేస్‌బాల్ ఆటకు పోలికే లేదు. కాబట్టి ఊరు ఎంచుకునేవాళ్ళు ముందుగా చూసుకోవలసింది బేస్‌బాల్ మైదానం ఎక్కడుంది, అక్కడికి సాయంత్రం ఆరింటికి ఆఫీసు నుంచి బయల్దేరినవాడు కారు తీయకుండా ఏడు లోపు చేరగలడా అన్నది. తక్కిన మూడు ఆ తరవాత.

ఈ కొలబద్ద పెట్టి చూస్తే, ఫుట్‌బాల్ అంత దూరాన ఉన్నా బోస్టన్ పెద్దగా నష్టపోదు. 1912 నాటి బేస్‌బాల్ మైదానం ఫెన్‌వే పార్కు ఊరి మధ్యలోనే ఉంది, నార్త్ ఈస్టర్న్ యూనివర్సిటీలో చదివే మన పిల్లలు నడిచి పోగలరు. బాస్కెట్‌బాల్ జట్టు సెల్టిక్స్, హాకీ జట్టు బ్రూయిన్స్ ఆడే టీడీ గార్డెన్‌కు కింద రైల్వే స్టేషనే ఉంది. చిక్కల్లా ఫెన్‌వే చిన్నది కావడం, దానికి ఊరంతా ఎగబడటం. చదువుకునే పిల్లల జేబుకు నెలకు ఒక ఆట గగనం.

అదే కొలబద్దకు డాలస్ బొత్తిగా నిలవదు. తెలుగువాళ్ళు అంతగా స్థిరపడ్డ చోటు గురించి ఇలా అంటే కొందరికి కోపం వస్తుందని తెలుసు. బాస్కెట్‌బాల్ జట్టు మావెరిక్స్, హాకీ జట్టు స్టార్స్ ఆడే హాలుకు డాలస్‌లో రైలుంది, కాదనను. కానీ 2023లో బేస్‌బాల్ ఛాంపియన్‌షిప్ అయిన వరల్డ్ సిరీస్ గెలిచిన రేంజర్స్ ఆడేది, ఫుట్‌బాల్ జట్టు కౌబాయ్స్ ఆడేది పక్క ఊరు ఆర్లింగ్టన్‌లో. ఆ ఊరికి నిర్ణీత మార్గాల్లో తిరిగే సిటీ బస్సులు కూడా లేవు. డాలస్ శివారు ఫ్రిస్కోలో ఇల్లున్నవాడు సాయంత్రం రద్దీలో సుమారు 40 మైళ్ళు కారు తోలి, పార్కింగ్‌కు చెల్లించి, లోపలికి వెళ్ళేసరికి తొమ్మిది ఇన్నింగ్స్‌లో రెండు మూడు దాటిపోతాయి. 2020లో కట్టిన కొత్త మైదానానికి కప్పు, చల్లటి గాలి ఉన్నాయి నిజమే, కానీ అవి లోపలికి చేరినవాడికి కదా! డాలస్ వాళ్ళు గర్వించదగ్గది నా లెక్కలో పక్కనున్న గ్రాండ్ ప్రెయిరీ మైదానం. చిన్న లీగు బేస్‌బాల్ కోసం కట్టి తరవాత క్రికెట్‌కు మార్చిన ఆ మైదానంలోనే 2024 జూన్‌లో అమెరికా జట్టు పాకిస్తాన్‌ను సూపర్ ఓవర్‌లో ఓడించింది. అయితే అది నాలుగు ఆటల లెక్కలోకి రాదు.

ఇక అసలు పోటీ. ఫిలడెల్ఫియాకు ఉన్న సౌకర్యం మరే ఊరికీ లేదనే చెప్పాలి: దక్షిణాన బ్రాడ్ స్ట్రీట్ చివర, నడకదూరంలో మూడు కట్టడాల్లో నాలుగు జట్లూ ఆడతాయి. ఈగిల్స్‌కు (ఫుట్‌బాల్) 2003లో ఒకటి, ఫిల్లీస్‌కు (బేస్‌బాల్) 2004లో ఒకటి, సిక్సర్స్‌కూ (బాస్కెట్‌బాల్) ఫ్లయర్స్‌కూ (హాకీ) కలిపి 1996 నుంచి ఒకటి. సిటీ హాల్ దగ్గర బ్రాడ్ స్ట్రీట్ లైన్ రైలు ఎక్కితే పావుగంటలో చివరి స్టేషన్. ఏడేళ్ళలో నాకు ఆటల పట్టిక చూసే అలవాటే తప్పిపోయింది. సాయంత్రం ప్లాట్‌ఫారం మీద చొక్కాల రంగు చూస్తే చాలు, ఎరుపైతే ఫిల్లీస్, నారింజ అయితే ఫ్లయర్స్, నీలం అయితే సిక్సర్స్, ఆకుపచ్చ అయితే ఆ పూట రైల్లో చోటు దొరకదు. తిరుగు ప్రయాణం ఇంకా సుఖం. అది చివరి స్టేషన్ కావడంతో రైలు ఖాళీగా బయల్దేరుతుంది, ఆట ముగిశాక కాస్త ఓపిక పడితే కూర్చునే వస్తాం.

ఆ జనం గురించి కథలు చాలా వినే ఉంటారు. ఈగిల్స్ ఆటల్లో గొడవలు తట్టుకోలేక, 1990ల చివర్లో పాత వెటరన్స్ స్టేడియం అడుగున ఒక జడ్జిని కూర్చోబెట్టి అక్కడికక్కడే జరిమానాలు వేయించిన మాట నిజం. 2018లో ఈగిల్స్ గెలుపు సంబరాల్లో దీపస్తంభాలు ఎక్కకుండా పోలీసులు వాటికి జిడ్డు పూసినా జనం ఎక్కేశారన్నదీ నిజమే. కానీ జులై సాయంత్రం ఫిల్లీస్ ఆటకు పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్ళినప్పుడు నాకు ఏనాడూ ఇబ్బంది కలగలేదు.

ఫిలడెల్ఫియాలో నాకు నచ్చనిది వేరే ఉంది. ఆ మూడు కట్టడాల చుట్టూ కనుచూపుమేర పార్కింగ్ స్థలమే. ఆటకు ముందు నడిచేందుకు ఒక వీధి గాని, కాఫీ తాగేందుకు ఒక మూల కొట్టు గాని, కిటికీలోంచి తొంగిచూసే ఒక ఇల్లు గాని లేవు. సిక్సర్స్ యాజమాన్యం 2022లో కొత్త హాలును ఊరి మధ్యకు, చైనాటౌన్ పక్కకు తెస్తామని ప్రకటించి, అక్కడివాళ్ళ తీవ్ర వ్యతిరేకత మధ్య రెండున్నరేళ్ళు నడిపి, 2025 జనవరిలో ఆ ఆలోచన మానుకుని దక్షిణానే ఉంటామంది. చైనాటౌన్‌కు అది మంచిదే అయింది. ఆటలు మాత్రం ఊరికి ఓ చివరే ఉండిపోయాయి.

షికాగోలో ఆట ఊరితో కలిసిపోయి ఉంటుంది. ఒకే రెడ్ లైన్ రైలు మీద, ఉత్తరానికి వెళ్తే ఆడిసన్ స్టేషన్ దగ్గర కబ్స్, దక్షిణానికి వెళ్తే 35వ వీధిలో వైట్ సాక్స్. రెండు బేస్‌బాల్ జట్లు కావడంతో సొంత ఊరి ఆటలు 81 కాదు, 162. తక్కినవన్నీ కలిపితే ఏడాదికి 250 పూటలు. సాధారణంగా ఒక జట్టు ఊళ్ళో ఉన్నప్పుడు మరొకటి బయటికి పోతుంది గనక, ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా దాదాపు ఏ రోజైనా రెడ్ లైన్ మీద ఎక్కడో ఒకచోట ఆట ఉంటుంది.

1914లో కట్టిన, కబ్స్ ఆడే రిగ్లీ ఫీల్డ్ చుట్టూ ఇళ్ళే. ఎదుటి మేడల మీద మెట్లు మెట్లుగా బెంచీలు వేసి, అక్కడినుంచి చూసేందుకు కూడా టికెట్లు అమ్ముతారు. లోపలి ఇటుక గోడను కప్పిన తీగల్లో బంతి ఇరుక్కుపోతే కొట్టినవాడికి రెండు బేస్‌లు (పరుగుకు కావలసిన నాలుగింటిలో సగం) ఇచ్చేస్తారు. ఆట అయ్యాక స్కోరుబోర్డు మీద గెలిస్తే డబ్ల్యూ, ఓడితే ఎల్ అక్షరంతో జెండా ఎగరేస్తారు. పక్కనుంచి పోయే రైల్లోవాళ్ళకు ఫలితం తెలియాలని మొదలైన ఆచారమది. ఇప్పుడు అందరి చేతిలో ఫోను ఉన్నా, ఆడిసన్ వచ్చేసరికి పుస్తకం మూసి కిటికీవైపు ఒరిగే పెద్దవాళ్ళను నేను చాలాసార్లు చూశాను. ఎందుకో నేనూ ఒరుగుతాను.

లోపాలూ చెప్పాలి. రిగ్లీలో 1988 ఆగస్టు దాకా దీపాలే లేవు, మొదటిరాత్రి ఆట కాస్తా వానకు కొట్టుకుపోయింది. ఇప్పటికీ రాత్రి ఆటలు ఇన్నే ఉండాలని నగరపాలక సంస్థ పరిమితి పెట్టింది కాబట్టి, పనిరోజుల్లో మధ్యాహ్నం ఒంటిగంట ఇరవైకి మొదలయ్యేవి చాలా ఉంటాయి. ఉద్యోగస్థులకు అవి అందవు. ఆ కొరత తీర్చేది వైట్ సాక్స్. 2024లో 121 ఆటలు ఓడి ఆధునిక కాలపు రికార్డు సృష్టించిన ఆ జట్టును చూసి ఊరంతా నవ్వింది గాని, ఆట నేర్చుకుంటున్నవాడికి అంత చవగ్గా, అంత మంచి సీట్లు మరెక్కడ దొరుకుతాయి? బాస్కెట్‌బాల్ జట్టు బుల్స్, హాకీ జట్టు బ్లాక్‌హాక్స్ ఆడే యునైటెడ్ సెంటర్‌కు చాలాకాలం దగ్గర్లో రైలు లేకపోయింది. 2024 ఆగస్టులో గ్రీన్ లైన్ మీద డామెన్ స్టేషన్ తెరిచాక ఆ ఫిర్యాదూ తగ్గింది.

అయితే ఇదంతా రైలు పట్టాల దగ్గర అద్దెకు ఉన్నవాడి లెక్క. మా బావమరిది నేపర్‌విల్‌లో ఇల్లు కొనుక్కున్నాడు, అతనికి రెడ్ లైన్ ఉన్నా లేకపోయినా ఒకటే. శివార్లలో ఇల్లు, ఇద్దరు పిల్లలు, కారు ఉన్న కుటుంబానికి ఫిలడెల్ఫియాయే మేలు. నేను ఏవగించుకున్న ఆ పార్కింగ్ స్థలాలే వాళ్ళకు వరం, రెండు పెద్ద హైవేలు దాదాపు గేటు దాకా తెచ్చి దింపుతాయి. న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటూ న్యూయార్క్ సంగతేమిటని అడిగేవాళ్ళకూ ఇదే చిక్కు. తొమ్మిది జట్ల ఊరది, లెక్క ప్రకారం దానిదే గెలుపు. కానీ ఎడిసన్ నుంచి బేస్‌బాల్ జట్టు యాంకీస్ ఆడే బ్రాంక్స్‌కు పోయి అర్ధరాత్రి తిరిగి రావడం ఏడాదికి రెండుసార్లు జరిగే పని. న్యూయార్క్ నగరంలోనే అద్దె కట్టుకోగలిగినవాళ్ళకు ఈ వ్యాసమే అక్కరలేదు.

తక్కినవాటిలో డెట్రాయిట్, 2017లో బాస్కెట్‌బాల్ జట్టు పిస్టన్స్ తిరిగి వచ్చాక, నాలుగింటినీ డౌన్‌టౌన్‌లోనే పెట్టుకుంది. డెన్వర్ బేస్‌బాల్ మైదానం యూనియన్ స్టేషన్‌కు నడకదూరం. మినియాపోలిస్‌లో మూడు ఆటలు, రైలెక్కితే సెయింట్ పాల్‌లో నాలుగోది. ఉద్యోగం వచ్చిన ఊరు వీటిలో ఏదైనా నిరభ్యంతరంగా వెళ్ళవచ్చు. లాస్ ఏంజెలెస్, మయామీ కారు ఊళ్ళు.

షికాగో గురించి ఈమధ్య ఎక్కువగా వినిపిస్తున్న అనుమానం బేర్స్ జట్టుది. 2023లో వాళ్ళు ఆర్లింగ్టన్ హైట్స్ శివారులో స్థలం కొన్నప్పటినుంచి, ఫుట్‌బాల్ పోతే షికాగో విలువ తగ్గదా అని అడుగుతున్నారు. సరస్సు ఒడ్డున, కప్పులేని సోల్జర్ ఫీల్డ్‌లో డిసెంబరు గాలికి వణికినవాణ్ణి నేను. పోతే 250 పూటల్లో ఎనిమిదో తొమ్మిదో పోతాయి, అవీ చలిలోనివే.