సంకర మందారం కోసం కొన్న అంటు మొక్కలు
హైదరాబాద్ శివారులోని ఒక నర్సరీలో రెండు అంటు మందారాలను, వాటిని సంకరపరచి కొత్త రంగు పూలు పూయించాలన్న ఉద్దేశంతోనే కొన్నాను. అంటు గట్టిగా అతికింది, వేళ్లు ఆరోగ్యంగా ఉన్నాయి. అయితే పసుపు అని చీటీ కట్టిన మొక్క నారింజ రంగు పూసింది; అలంకరణకు కొనేవారికి ఇది చిన్న పొరపాటే కావచ్చు గాని, తల్లి మొక్క, తండ్రి మొక్క ఏవో రాసిపెట్టుకోవలసిన నాబోటివారికి ఆ చీటీయే జాతకం. ఉదయం విచ్చిన పూవులో ఐదుగా చీలిన కీలాగ్రాలకు, అంటే పుప్పొడిని అందుకునే కొనలకు, రెండో మొక్క పుప్పొడిని కుంచెతో అద్దగా, మూడు పూలు రాలిపోయి నాలుగోది కాయ కట్టింది. గింజ మొక్కలు దేనికవే వేరుగా పూస్తాయి కనుక, నచ్చినదాన్ని మళ్లీ అంటు కట్టో, కొమ్మ నాటో నిలుపుకోవాలి. మే ఎండలు తగ్గి వానలు పడ్డాకే సంకరం చేయమన్న అక్కడి తోటమాలి సలహా నాకు బాగా పనికొచ్చింది. కొనదలచినవారు చీటీని నమ్మక, పూత మీదున్న మొక్కనే ఎంచుకోవాలి.